వేడి టీ తాగేవాడు తొందరగా లేవడు

మా ఆడిటర్ సార్ పోయారన్న సంగతి ఆయన ఆఫీసు నంబరు నుంచే వచ్చింది. దండ వేసిన ఫొటో, దాని కింద 'తీరని లోటు', ఆ కింద పెద్దకర్మ జరిగే ఫంక్షన్ హాలు చిరునామా. ఇంకా కిందికి జరిపితే, రిటర్నులు వేసే పని ఎప్పటిలాగే సాగుతుందని, ఆరోగ్య బీమా కావలసినవారు ఇక్కడ నొక్కవచ్చని ఉంది. చావు కబురు చల్లగా చెప్పడం విన్నాం గానీ, దానికి బీమా తోక కట్టి పంపడం ఇప్పుడే చూశాను. ఆ విద్య నేర్పిన ఆయన ఫొటోలో నవ్వుతున్నారు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. తర్వాత మిగతాదీ చెప్తాను.

నల్గొండ పల్లె నుంచి వచ్చిన లారీ డ్రైవరు కూతుర్ని నేను. బీకాం చేసి ఖాళీగా తిరుగుతున్నప్పుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి దుకాణం పైన ఉన్న తన ఒంటిగది ఆఫీసులో నాకు కుర్చీ వేసిన మనిషి ఆయన. పన్ను లెక్కలు, నోటీసులకు జవాబులు, ఎదుటివాడు గొంతు పెంచితే బెదరకపోవడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. మా నాన్న తుర్కయంజాల్‌లో జాగా కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో సార్ పొద్దంతా పక్కన నిలబడ్డారు. ఫీజు మాటెత్తితే "మీ అమ్మాయి మా అమ్మాయి కాదాండీ?" అన్నారు. ఈ రోజు కర్మన్‌ఘాట్‌లో నా పేరుతో ఒక బోర్డు ఉందంటే అది ఆయన పెట్టిన భిక్షే. మంచి ఇంతవరకు.

ఆయన ఆఫీసులో టీ కప్పుల్లో ఇచ్చేవారు కాదు. స్టీలు గ్లాసు, అంచుదాకా, పొగలు కక్కుతూ రావాలి. వచ్చినవాడు పట్టుకోలేక బల్ల మీద పెట్టేవాడు. చల్లారేదాకా ఏం చేయాలో తోచక మాట్లాడేవాడు. సార్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేవారు. "పిల్లలేం చదువుతున్నారండీ? అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?" పన్ను కట్టించే మనిషి ఇంటి బాగోగులు అడిగితే ఎవరి మనసు కరగదు?

"వేడి టీ తాగేవాడు తొందరగా లేవడమ్మా," అన్నారు నాతో ఒకసారి. "కాగితాల్లో ఉండేది సగమే. మిగతా సగం గ్లాసు చల్లారేలోపు చెప్తాడు."

క్లయింటు మెట్లు దిగగానే సార్ చెప్పేవారు, నేను అతని పేరు పక్కన టైపు చేసేదాన్ని. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. తమ్ముడితో వాటాల గొడవ. ఇల్లు మారాలనుంది. కొన్నాళ్లు తిరక్కుండానే ఒకరికి పెళ్లి లోను ఇచ్చేవాళ్ల ఫోను, ఇంకొకరికి వకీలు, మరొకరికి ఫ్లాట్లు అమ్మే మనిషి. "సార్‌కు మనమంటే ఎంత పట్టింపు!" అని వాళ్లు మురిసిపోయేవాళ్లు. పంపిన ప్రతిచోటా సార్‌కు వాటా ముట్టేది. అలా ఒంటిగది పోయి ఎల్బీనగర్‌లో అద్దాల తలుపుల అంతస్తు వచ్చింది.

అక్కడికి టై కట్టుకున్న ఒకాయన వచ్చి, క్లయింటు సమాచారమే అసలు పెట్టుబడి, దాంతోనే గ్రోత్ అని తెర మీద బొమ్మలు చూపించి రోజంతా ఊదరగొట్టాడు. సార్ నా వైపు వంగి, "మనం టీ గ్లాసుతో ఎప్పట్నుంచో చేస్తున్నదేగా ఇది," అన్నారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత మా నాన్నకు కడుపులో క్యాన్సర్ అని తేలింది. ఆయనకు మాత్రం పుండు అని చెప్పాం. ధైర్యం చెడితే మందు పనిచేయదని అమ్మ పట్టుబట్టింది. సెలవు అడగడానికి వెళ్తే సార్ కూర్చోమని టీ తెప్పించారు. గ్లాసు చల్లారేలోపు రోగం పేరు, ఖర్చు, అమ్మ భయం, అన్నీ చెప్పి ఏడ్చేశాను. అక్కడ జీతానికి పనిచేసే మనిషిని కదా, క్లయింటును కాదు కదా అనుకున్నాను.

ఆ వారంలోనే దవాఖానకు వెళ్లేసరికి నాన్న మంచం పక్కన పండ్ల సంచితో ప్లాట్ల బ్రోకరు కూర్చుని ఉన్నాడు.

"క్యాన్సర్ అంటె మాటలా కాకా? మస్తు పైసలైతయ్. తుర్కయంజాల్ జాగకు పార్టీ రెడీ ఉన్నడు. సార్ చెప్పిండు గాబట్టే జల్ది ఒచ్చిన."

నాన్న తల తిప్పి నన్ను చూశాడు. "పుండు అంటిరి గద బిడ్డా," అన్నాడు.

ఆ జాగా ఆ నెల దాటనివ్వలేదు. ఎవరు వద్దన్నా వినకుండా, వచ్చిన ధరకే అమ్మేశాడు. ఆ డబ్బుతోనే వైద్యం జరిగింది, బతికాడు, అదీ దాచను. ఇవాళ్టికీ సైదాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉన్నాం. దగ్గు వస్తే చాలు, "ఏం దాస్తున్నరు?" అన్నట్టు మా ముఖాలు చూస్తాడు.

సార్‌ను నిలదీశాను. ఆయన రెప్ప కూడా వేయలేదు. "మీ నాన్నగారికి డబ్బు కావాలి, వాళ్లకి స్థలం కావాలి. తెలిసీ కలపకపోతే అదమ్మా పాపం."

"మా నాయినకు క్యాన్సర్ అని మేం చెప్పలే సార్."

"ఆ సంగతి నువ్వు నాకు చెప్పలేదుగా."

నిజమే. ఆ ఒక్కటి చెప్పేలోపు గ్లాసు చల్లారిపోయింది కాబోలు. "కూర్చో, టీ తాగు," అన్నారు. కూర్చోలేదు. ఆ రోజే మానేశాను.

నా ఆఫీసులో టీ ఉండదు, నీళ్ల సీసా ఉంటుంది. కాగితాలు చూస్తాను, పని చేస్తాను, తిరిగి ఇచ్చేస్తాను. "మేడమ్ పని మంచిగ జేస్తది గని మనిషి కట్టె లెక్క," అని క్లయింట్లు అనుకుంటారు. అనుకోనీ.

సార్ పోయారని చెప్తే నాన్న రెండు చేతులూ జోడించాడు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు మొక్కుడేంది నాయినా?"

"రిజిస్ట్రేషన్ నాడు పొద్దంత నిలవడ్డడు బిడ్డా. పోయిరా. సార్ భార్య నా గురించి అడుగుతది. మంచిగున్నడని చెప్పు."

ఆ ఒక్క మాట పట్టుకుని పెద్దకర్మకు వెళ్లాను. హాలు గుమ్మం దగ్గర సార్ అల్లుడు, ఇప్పుడు ఆఫీసు నడిపేది ఆయనే, చేతిలో ఫోనుతో నిలబడి ఉన్నాడు. "పాత నంబరేనా మేడమ్? ఇప్పుడెక్కడుంటున్నారు?" విననట్టు లోపలికి నడిచాను. లోపల ఒక పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకుంటూ పక్కవాళ్లకు చెప్తున్నాడు: "మా అమ్మకు ఆపరేషన్ అయిన్నాడు పొద్దుగాలనే ఫోన్ చేసిండు సార్. సొంతోళ్లు చెయ్యలే." ఆ ఆపరేషన్ సంగతి ఆయన పేరు పక్కన టైపు చేసింది నేనే. ఆ కన్నీళ్లు మాత్రం నిజమైనవే.

సార్ భార్య వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. వంటవాళ్లెవరో నా చేతిలో టీ పెట్టారు. స్టీలు గ్లాసు, అంచుదాకా. పట్టుకోలేక పక్క కుర్చీ మీద పెట్టాను.

"నాన్నగారెలా ఉన్నారమ్మా?" అన్నారావిడ, నా చెయ్యి పట్టుకుని.

ఆ అడగడంలో ఏ లెక్కా లేదని నాకు తెలుసు. ఆవిడ ఏనాడూ ఆఫీసు మెట్లు ఎక్కలేదు. మంచిగున్నడు అంటే చాలు. నాన్న అప్పగించిన మాటే అది. నోరు తెరిచాను. అల్లుడు ఎక్కడున్నాడో అని కళ్లు వెతికాయి. నోరు మూసుకుపోయింది. జాగా పోతే పోయింది, ఆ బాధ ఎప్పుడో సర్దుకున్నాను. మా నాన్న ఎలా ఉన్నాడని ఒక మంచి మనిషి అడిగితే జవాబు చెప్పలేకుండా చేశారు మా సార్. దీనికి మాత్రం క్షమించను.

ఆవిడ గ్లాసు వైపు చెయ్యి చూపారు. "టీ తాగమ్మా, చల్లారిపోతుంది," అన్నారు.

లేచి దండం పెట్టి వచ్చేశాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు. పక్క కుర్చీ మీద నా గ్లాసు నిండుగా అలాగే ఉంది, పైన మీగడ కట్టింది.