కూర్మయ్య ఎడమకన్ను

మలయాలోని సుంగై సుమున్ కొబ్బరితోట కొట్లో గుమస్తా కూర్మయ్య ఎవరినీ ఓ పట్టాన నమ్మడు. ఎదుటివాడి మాట అబద్ధమనిపిస్తే చాలు, ఎడమకన్ను దానంతటదే మూసుకుంటుంది. బ్రిటిషువాళ్ళు అక్కడ ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. అడవిలోని కమ్యూనిస్టులు దాచుకోకుండా, అమ్మే ప్రతి పాలడబ్బాకీ మేకుతో చిల్లు పొడిచి ఇమ్మని సర్కారు ఆజ్ఞ. బేరాల్లేనప్పుడు కూర్మయ్య, తోట దొర పారేసిన గ్రీన్‌లాండ్ చరిత్ర పుస్తకం చదువుకుంటాడు.

"ఆ మంచుదేశంలో దగ్గరదగ్గర రెండొందలేళ్ళు డెన్మార్కు రాజుగారి కంపెనీదొక్కటే కొట్టంట. ఇంకో వర్తకుణ్ణి రానీలేదంట. జనాన్ని కాపాడ్డానికంట!" అన్నాడు పాలడబ్బా కొనడానికొచ్చిన తోటకూలి నూకమ్మతో, కన్ను మూసి.

"మరి నా డబ్బాకి సిల్లెందుకు పొడిసినావన్నా? రేపటికి పాలు పాడైపోతాయి. పిల్లకేటి పట్టను?"

"మిమ్మల్ని కాపాడ్డానికే," అన్నాడు కూర్మయ్య. అనేసరికి ఎడమకన్ను దానంతటదే మూసుకుంది.