కైతారా ఇచ్చేసిన సీసా

కైతారా చెట్టెక్కితే ఊరంతటికీ తెలిసిపోయేది. నొనౌటి దీవిలో కల్లు గీసేవాళ్ళు అందరూ పాడతారు. కొబ్బరి మొవ్వులో మనిషున్నాడని కింద స్నానాలు చేసే ఆడవాళ్ళకు తెలియాలి కదా. కానీ కైతారా పాడుతుంటే బావి దగ్గర బిందెలు కాసేపు ఆగేవి. తెరేషియా ఆ గొంతు విని పెళ్ళికొప్పుకుందని ఆడపడుచులు ఇప్పటికీ ఏడిపిస్తారు.

పొద్దుటా సాయంత్రమూ చిప్పల నిండా తీపి కల్లు దించి, ముందు పిల్లలకు పోసి, మిగిలింది ఇంటికి తెచ్చేవాడు. పులియబెట్టి తాగే అలవాటు అతనికి ఎన్నడూ అంతగా లేదు. అతని తల్లి కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి చనిపోయింది. అన్న కూడా అలాగే పోయాడు. గతించిన పెద్దల ఆగ్రహమని ఇంట్లో అనుకున్నారు.

క్లినిక్ నర్సు అకోయియా ఒక ఏడాది, ఊరంతా కూడే సావిడి మనేబాలో అందరినీ కూర్చోబెట్టి వేలి నెత్తురు పరీక్షించింది. కైతారాను ఒక్కణ్ణే పక్కకు పిలిచింది. తెరేషియా వెనకాలే వెళ్ళింది.

"నాకేం నొప్పి లేదే," అన్నాడు కైతారా.

"కాలేయానికి ఏడవడం రాదు మామా. సగం గట్టిపడ్డా నోరెత్తదు. నువ్వు పుట్టేటప్పుడే మీ అమ్మ నెత్తురులోంచి కాలేయాన్ని తినే వైరస్ నీకు వచ్చింది. ఇన్నాళ్ళూ మెల్లగా పనిచేసుకుపోతోంది."

"మాత్రతో పోతుందా?"

"పోదు, నిద్రపోతుంది. రోజూ వేసుకోవాలి. మానేశావంటే లేస్తుంది, ఆకలి మీద లేస్తుంది. పులిసిన కల్లు చుక్క కూడా వద్దు."

"కల్లు గీసేవాడికి కల్లు వద్దంటావా! మరి ఈవిడ వండే చేప సంగతో?"

"దానికేం భయం లేదు."

"అయితే నువ్వింకా తినలేదన్నమాట."

తెరేషియా అతని వీపు మీద ఒకటి చరిచింది. ముగ్గురూ నవ్వారు.

ఆ రాత్రి ఆమె భర్త కంచం వేరుగా పెట్టింది. మర్నాడు ఆ సంగతి విని నర్సు తల కొట్టుకుంది. "కలిసి తింటే రాదమ్మా. గడ్డం గీసుకునే బ్లేడు మాత్రం వేరు పెట్టు. నువ్వూ టీకాలు వేయించుకో." తర్వాత కూతురికి బిడ్డ పుట్టిన రోజునే అకోయియా వచ్చి పసిదాని తొడకు ఆ టీకా వేసి వెళ్ళింది. కైతారా కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని చూశాడు. "మా అమ్మకిది దొరికి ఉంటే" అని మాత్రం అన్నాడు.

మాత్రల సీసా చూరులో దోపి ఉంచేవాడు. పొద్దున చెట్టెక్కే ముందు ఒకటి వేసుకునేవాడు. కొన్నేళ్ళు బాగానే గడిచాయి. పాట ఎక్కడా తగ్గలేదు.

అప్పుడు పక్క దీవి నుంచి అతని పిన్ని కొడుకు బ్వెరెటి వచ్చాడు. కాళ్ళు సన్నబడి, కడుపు ముందుకొచ్చింది. వాళ్ళ దీవిలో ఈ మాత్రలు లేవు, రాజధాని తరావా వెళ్ళి పరీక్షలు చేయించుకోవాలి. అతనికి ఆసుపత్రంటే భయం. మనేబాలో అందరి మధ్యా కూర్చుని కైతారా వైపు తిరిగాడు.

"అన్నా, బుబుటి. నీ చూరులో సీసా నాకు కావాలి."

చుట్టం బుబుటి అన్నాక చేపల వల ఇచ్చేస్తారు, పడవ ఇచ్చేస్తారు, కట్టుకున్న బట్టయినా విప్పి ఇస్తారు. కాదన్నవాడు మర్నాడు అదే మనేబాలో తలెత్తుకుని కూర్చోలేడు. తెరేషియా భర్త ముఖం చూసింది. చెప్పు, ఇది వల కాదని చెప్పు, అనుకుంది. నోటిదాకా వచ్చిన మాట మగవాళ్ళ మధ్య ఆగిపోయింది.

"దానికేముంది తమ్ముడూ," అన్నాడు కైతారా.

ఇంటికొచ్చాక ఆమె పట్టుకుని అడిగింది. "నర్సమ్మ చెప్పింది మర్చిపోయావా?"

"వాడి కడుపు చూశావుగా. నాకు ఒంట్లో బానే ఉంది. ఓడ వస్తే కొత్త సీసా వస్తుంది."

"పోనీ అకోయియాతో చెప్పు."

"చెబితే వాడి దగ్గర లాక్కోమంటుంది. ఇచ్చింది లాక్కుంటామా? ఊరుకోవే."

ఓడ నెలల తరబడి ఆలస్యమైంది. ముందు పాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం మొదలైంది. తర్వాత సాయంత్రం గీత మానేశాడు. ఒకరోజు చెట్టు దిగి వస్తుంటే ఎండలో అతని కళ్ళు తెరేషియాకు పచ్చగా కనిపించాయి. అత్తగారి కళ్ళు అలాగే ఉండేవి. ఆమె క్లినిక్‌కు పరుగెత్తింది.

అకోయియా కోప్పడలేదు. అదే తెరేషియాను ఎక్కువ భయపెట్టింది. నర్సు తరావాకు రేడియోలో మాట్లాడింది, విమానం అడిగింది. విమానం వచ్చేలోగానే కైతారా మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. తెరేషియా చెయ్యి పట్టుకుని, "ఎవరమ్మా, చిప్పలు నిండిపోయాయి, దించాలి," అన్నాడు. ఆ తర్వాత మాట లేదు.

చావింటికి చాపలూ పొగాకూ పట్టుకుని చుట్టాలొచ్చారు. బ్వెరెటి కూడా వచ్చాడు. శవం కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చి, సంచిలోంచి సీసా తీసి తెరేషియా ముందు పెట్టాడు. అది ఇంచుమించు నిండుగానే ఉంది.

"వేసుకోలేదా?" అంది ఆమె.

"బాగా నొప్పిగా ఉన్నప్పుడు వేసుకున్నా వదినా. అన్న ఇచ్చింది కదా, అయిపోతుందని దాచుకున్నా."

తెరేషియా సీసాను చేతిలోకి తీసుకుంది. లోపల మాత్రలు గలగలమన్నాయి. ఇతనికీ పనికి రాలేదు, అతనికీ లేకుండా పోయింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో ఆమెకు తెలియలేదు. సీసా కింద పెట్టింది. చుట్టాలంతా చూస్తుండగా గట్టిగా అంది:

"మరిదీ, బుబుటి."

బ్వెరెటి తలెత్తాడు. "నా దగ్గరేముంది వదినా? పడవా లేదు, వలా లేదు."

"అకోయియాతో తరావా వెళ్ళు. నెత్తురిచ్చి పరీక్ష చేయించుకో. వాళ్ళిచ్చే మాత్ర రోజూ వేసుకో, నొప్పి ఉన్నా లేకపోయినా. ఎవరడిగినా సరే, అది ఇవ్వకు. నేనడిగేది అదీ."

అతను కైతారా ముఖం వైపు చూశాడు. అడిగాక కాదనడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"సరే వదినా," అన్నాడు.

బయట కైతారా చెట్టు మీద, గీసేవాడు లేక, కల్లు కారే పూపొత్తి ఎండిపోతోంది.