మీసాల మిషను కోసిన గుమ్మడికాయ

నిండు గుమ్మడికాయకి ఆడది మొదటి గాటు పెట్టకూడదని మావైపు పట్టింపు. మగవాడెవడో ఒక్కసారి కత్తి దించాలి. ఆ తర్వాత ఆడవాళ్లు ఎన్ని ముక్కలైనా చేసుకోవచ్చు. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసే మా బావ పోయాక, పిల్లల్లేని మా అప్పకి, అంటే అక్కకి, ఆ గాటు నేను పెట్టాల్సి వచ్చింది. పెంకుల మీద పాకిన పాదుకి కాయ పండిందంటే శ్రీకాకుళంలో నా ఫోను మోగేది.

“ఒరే, కాయ పండిపోనాది. ఎప్పుడొస్తావు?”

వెళ్లి గాటు పెట్టి, బెల్లం వేసిన పులుసుతో పీకలదాకా తిని, నోటికొచ్చిన కబుర్లన్నీ చెప్పేవాణ్ణి. ఏనుగు మా ఆఫీసుకొచ్చి అర్జీ పెట్టుకుందంటే, “ఏటడిగిందిరా?” అనేది.

రెండువేల పదమూడో పద్నాలుగో, విశాఖపట్నంలో ఓ పెద్ద షాపులో గుమ్మడి గుజ్జు డబ్బా కనబడింది. కేకుల్లో వేసే సరుకట. నా తెలివికి నేనే మురిసిపోయి, నాలుగు కొని అప్ప ముందు పెట్టాను.

“దీన్నెవుడు కోసినాడు?”

“అమెరికాలో మిషనప్పా. మీసాలున్న మిషను. ఆడమిషన్ని గుమ్మడి జోలికి రానివ్వరు.”

“సచ్చినోడా! ఐతే తినొచ్చన్నమాట.”

ఒక డబ్బా ఆ పూటే వండింది. పులుసులో ముక్కన్నది లేదు, జావలా ఉంది. “బాగున్నాది” అంది గానీ మారు వడ్డించుకోలేదు. అది చూసి కూడా, “ఇక నాకోసం కాసుక్కూచోకు” అని మిగతా మూడూ అటకెక్కించి వచ్చేశాను.

ఆ తర్వాత ఫోనులో కాయల మాట తేలేదు. “డబ్బాలున్నాయిగా?” అని నేనే అడిగేవాణ్ణి. “ఉన్నాయిరా” అనేది. నాకూ హాయిగానే ఉండేది. ఏడాది దాటినా ఆ గడప తొక్కలేదు.

జ్వరమొచ్చి మూడ్రోజుల్లో పోయింది అప్ప.

వెళ్లేసరికి మంచం కింద గడ్డి పరిచి, వరసగా ఆరు గుమ్మడికాయలు. రెండు కుళ్లి నీరు కారుతున్నాయి. అటక మీద డబ్బాలు మూడింటికీ మూత తియ్యలేదు.

“మా ముసిలోడు గాటెడతానంటే వద్దంది బాబూ,” అంది పక్కింటి ముసలమ్మ. “మా తమ్ముడొస్తాడు, ఆడి కబుర్లు ఇన్నట్టుంటాది అనీది. నువ్వేటి, రానే లేదు?”

“సెలవు దొరకలేదమ్మా,” అన్నాను.

అబద్ధం. ఆవిడ నమ్మింది.