నాయన నోట్లో ఎవరి పళ్లు

మార్కాపురంలో నాది చిన్న బ్యూటీ పార్లర్. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, ఎండాకాలం రాగానే మొండికేసే ఒక కూలర్. పదహారేళ్లుగా ఈ చుట్టుపక్కల ఆడవాళ్ల కనుబొమలు నా దారం కిందికి వస్తున్నాయి. గిద్దలూరు నుంచి, కనిగిరి నుంచి కూడా పెళ్లికూతుళ్లను తీసుకొస్తారు. అందరిదీ ఒకటే మాట: "అక్కా, తెల్లగా రావాల." తెలుపేదో నా దుకాణంలో తయారవుతున్నట్టు. చామనఛాయలో నిగనిగలాడే పిల్లకు గోడకు సున్నం కొట్టినట్టు ఫౌండేషన్ వెయ్యమని వాళ్లమ్మ పక్కన నిలబడి పోరుతుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. అయినా వేస్తాను. బతకాలి కదా.

ఇంకో పనుంది, దాన్ని ఎవరూ నోరు తెరిచి అడగరు. అది పళ్ల పని. మా వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద బెల్లం రంగు చారలు అడ్డంగా పడతాయి. ఎంత తోమినా పోవు. అందుకే ఇక్కడి పిల్లలు పాలపళ్లు ఊడి కొత్తవి రాగానే పెదాలు మూసి నవ్వడం కూడా నేర్చుకుంటారు. పెళ్లికూతురికి ఫోటో తీయగానే నేను ఫోన్‌లో పళ్ల మీద వేలితో రెండుసార్లు రుద్దుతాను. తెల్లబడిపోతాయి. అదే ఫోటో మీద సేవ్ కొట్టేసి, అప్పుడు ఆ పిల్లకు చూపిస్తాను. ముందున్నది ఎవరికీ చూపించను, ఉంచను కూడా. ఇది నేను పెట్టుకున్న మర్యాద. ఈ మర్యాదే ఒకసారి నా కొంప ముంచింది.

నా పళ్లూ అవే. మాది హనుమంతునిపాడు దగ్గర పల్లె. పొలం కూలి దొరకని రోజుల్లో నాయన మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. నాయన అందగాడు. కూతుర్ని కాబట్టి కాదు, ఈ పని తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఎముక గట్టి మొహం, తిన్నటి ముక్కు, ఒత్తైన జుట్టు. సోకు కూడా తక్కువేం కాదు. శనివారం సాయంత్రం పంచలో చేతి అద్దం గోడకు ఆనించి గంటసేపు గడ్డం గీసుకునేవాడు. ఆదివారం కొబ్బరినూనె, పౌడరు, మెడ వెనక మడత రుమాలు, జేబులో దువ్వెన. చర్చిలో ఆడవాళ్లు బొట్టూ పూలూ లేకుండా తెల్లచీరల్లో కూర్చుంటే, ఈయన ఒక్కడే పెళ్లికొచ్చినట్టు ఉండేవాడు. మీసం మాత్రం వింతగా ఉండేది. అందరూ పైకి దువ్వితే ఆయన కిందికి దువ్వేవాడు, పై పెదవి మొత్తం కప్పేసేలా. ఎందుకట్లా అని నేను చాలా ఏళ్లు అడగలేదు.

తెలిసిన రోజు చెబుతాను. ఇంటర్‌కు మార్కాపురం హాస్టల్‌లో చేరాను. పై ఊళ్ల నుంచి వచ్చిన ఒక అమ్మాయి అందరి ముందూ, "నువ్వు పళ్లు తోముకోవా?" అని అడిగింది. దానికి ఏం బదులు చెప్పాలో ఇప్పటికీ నాకు రోజుకొకటి తోస్తుంది, ఆ రోజు మాత్రం చేత్తో నోరు మూసుకున్నాను. సెలవులకు ఇంటికి రాగానే నాయన పని చొక్కా దులిపాను. పలకలు చీల్చేవాళ్ల బట్టల్లో మెత్తటి నల్లపొడి గుప్పెళ్లకొద్దీ ఉంటుంది. రాయిని నున్నగా చేసే పొడి పంటిని చేయదా అని నా తెలివి. ఉప్పు కలిపి వారం రోజులు పొద్దునా సాయంత్రం రుద్దాను. చారలు చెక్కుచెదరలేదు, చిగుళ్లు మాత్రం పుండ్లయ్యాయి. ఎనిమిదో రోజు నేను ఉమ్మిన నెత్తురు నాయన చూశాడు.

తిట్టలేదు. పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పలక పొడేనా?" అన్నాడు.

నేను తలూపాను.

"నేను గూడా రుద్దినా. మీ అమ్మను చూసేదానికి పోయేముందు, పది దినాలు. అది పైన అంటింది గాదమ్మా, పోదు. నీళ్లది. పన్నుతో పాటు పుట్టింది." మీసం కిందికి దువ్వుకుంటూ, "నాకంటే మీసముండాది. నిన్ను జూస్తేనే బాధ," అన్నాడు.

అప్పటిదాకా ఈ పళ్లు ఇచ్చినందుకు మనసులో ఆయన్నే తిట్టుకునేదాన్ని. ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. పుండ్ల నోటితో ఏడవడం ఎంత కష్టమో కూడా ఆ రోజే తెలిసింది.

అమ్మది ముండ్లమూరు వైపు, కాలవ నీళ్ల ఊరు. ఆమె పళ్లు ఇప్పటికీ జొన్న గింజల్లా ఉంటాయి. పెళ్లిచూపుల్లో నాయన ఒక్క మాట మాట్లాడలేదట. నవ్వలేదట. ఈయనకు పొగరన్నా ఉండాలి, మూగన్నా అయ్యుండాలి అనుకుందట అమ్మ. పెళ్లయిన నాలుగో రోజు చర్చికి పోయే తొందరలో అద్దం దొరక్క అమ్మ గుడ్డిగా పౌడరు పూసుకుని బయటికొచ్చింది. ఒక చెంప తెల్లగా, ఒక చెంప నల్లగా. నాయన చూశాడు. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. ఫక్కున నవ్వాడు. వెంటనే తుండుతో నోరు మూసుకున్నాడు. అమ్మ ఆ తుండు లాగేసింది. ఈ కథ అమ్మ నాకు వందసార్లు చెప్పి ఉంటుంది, ప్రతిసారీ చివరి మాట ఇదే: "ఆ నవ్వు చూసినాకనే నేను ఈ ఇంట్లో కుదురుకునింది."

అయితే ఆ నవ్వు ఆమె తప్ప ఎవరూ పెద్దగా చూసింది లేదు. ఫోటోల్లో అసలే లేదు. రేషన్ కార్డులో, ఆధార్‌లో, నా పెళ్లి ఆల్బమ్‌లో, ఎక్కడ చూసినా ఎవరో చీవాట్లు పెట్టి నిలబెట్టినట్టే ఉంటాడు. ఒక్కటంటే ఒక్కటి నా ఫోన్‌లో పడింది. కళ్ల పరీక్షకని మార్కాపురం వచ్చి, మధ్యాహ్నం పార్లర్‌లో ఎవరూ లేరని లోపలికొచ్చి కూర్చున్నాడు. బలవంతం చేసి మీసం పైకి కత్తిరించాను. ఆ ఊపులోనే కుర్చీ గిర్రున తిప్పాను. తిరిగే కుర్చీ అని ఆయనకు తెలియదు. "ఏందే ఇది, తిరణాల బండెక్కించినావే," అని చిన్నపిల్లాడిలా పడీపడీ నవ్వాడు. నేను క్లిక్ అనిపించాను.

"తీసెయ్యి అది," అన్నాడు వెంటనే.

తీసేశానని అబద్ధం చెప్పాను. ఇంటికెళ్లి అమ్మకు చూపించాను. అమ్మ ఫోన్ తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత మూడేళ్లకు నాయన పోయాడు. మర్నాడు దున్నాల్సిన చేను చూసొచ్చి, మంచినీళ్లడిగి, తాగకుండానే పోయాడు. ఏడాది తిరిగింది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. పెద్ద ఫోటో ఒకటి కావాలి. అమ్మ నాకు ఫోన్ చేసి ఒకటే మాట అడిగింది: "ఆ కుర్చీలో నవ్వేది పెట్టు అమ్మే. నేను చూసిన మొకం గోడ మీద ఉండాల." అమ్మ నన్ను ఏదైనా అడగడమే అరుదు.

పెద్ద ప్రింటుకు పంపేముందు నేనేం చేశానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఊరంతా వస్తారు, పాస్టరు గారు వస్తారు, కాలవ ఊళ్ల నుంచి అమ్మ పుట్టింటివాళ్లు వస్తారు. బతికున్నన్నాళ్లూ దాచుకున్న మనిషిని పోయాక బయటపెట్టడమేంటి అనుకున్నాను. నాయన మీద ప్రేమతోనే అనుకున్నాను. వేలితో రెండుసార్లు రుద్దాను. తెల్లబడ్డాయి. సేవ్ కొట్టాను. గురువారం ఫ్రేమ్ కట్టించి ఊరికి తీసుకుపోయాను.

అమ్మ పేపరు విప్పి చాలాసేపు చూసింది. నేను మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను.

"ఎవురే ఈయన?" అంది.

"నాయన గదమ్మా."

"మీ నాయన నోట్లో ఇవెవురి పళ్లు?"

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినప్పుడు నాకు ముందుగా వచ్చేది అదే. "అంతమందిలో ఆ పళ్లు పెట్టమంటావా? ఆయనే మీసం కింద దాచుకునె గదా," అన్నాను.

"ఊరికి దాచినాడు. నాకు దాచినాడా?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నలభై మూడేండ్లు చూసిన మనిషిని నాకే మార్చి చూపిస్తావా నువ్వు? ఎత్తుకపో. ఇది పెడితే నేను కూడికలో కూర్చోను."

ఫ్రేమ్‌ను గోడవైపు తిప్పి ఆనించి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఫోన్ తీసి వెతికాను. అసలు ఫోటో లేదు. అలవాటు చొప్పున దాని మీదే సేవ్ కొట్టేశాను. అమ్మకు ఎప్పుడూ పంపలేదు, ఆమెది బటన్ ఫోన్. ఎవరికీ పంపలేదు, నాయన వద్దన్నాడని. ఈ లోకంలో ఆ నవ్వు ఒక్కచోటే ఉండింది, నా చేత్తో నేనే తుడిచేశాను. బస్సులో మార్కాపురం వచ్చేదాకా కిటికీవైపే తిరిగి కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున ప్రింటు వేసిన స్టూడియోకి పోయాను. ఆయన పెద్దాయన, నేను అన్నా అంటాను. సంగతంతా విని తల గోక్కున్నాడు.

"ఈ పక్క పెండ్లి ఆల్బమ్ ఏదొచ్చినా నేను మొదట చేసే పనే పళ్లు తెల్లజేసేది. మచ్చలు పెట్టమన్నది నువ్వొక్కదానివే చెల్లెమ్మా," అన్నాడు. "సరే, చెప్పు. ఏ పంటికి ఎట్ల?"

కళ్లు మూసుకుని చెప్పాను. పైన ముందు రెండింటికీ మధ్యలో చార. పక్కదానికి అంచున. ఆయన కంప్యూటర్లో పెట్టాడు. నాయన కిళ్లీ నమిలినట్టు వచ్చింది. చెరిపి మళ్లీ పెట్టాడు, పుచ్చిపోయినట్టు వచ్చింది. మూడోసారి కూడా కుదరలేదు. ఇన్నేళ్లు ఎదురుగా ఉన్న పళ్లు, నేను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది. చూడకూడదని చూపు తిప్పుకునేదాన్ని.

ఆయన కుర్చీ నావైపు తిప్పాడు. మాట్లాడేటప్పుడు నా చెయ్యి నోటి దగ్గరే ఉంటుంది, అది గమనించినట్టున్నాడు.

"ఏమనుకోవాకు చెల్లెమ్మా. నీవి మీ నాయన పళ్లేనా?"

ఇంకొకరెవరైనా అయితే ఆ మాటకు వాళ్ల దుమ్ము దులిపేదాన్ని. అప్పుడు మాత్రం లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను. "తియ్యి అన్నా," అన్నాను.

లైటు కింద స్టూలు మీద కూర్చోబెట్టాడు. నవ్వమన్నాడు. నోరు తెరుచుకోలేదు. చిన్నప్పటి నుంచీ కెమెరా చూడగానే మూసుకోవడం నేర్చిన పెదాలు అవి, నా మాట వినలేదు. పెళ్లికూతుళ్లకు "రిలాక్స్ అవ్వమ్మా" అని ఎంత సులువుగా చెబుతానో గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. స్టూలు కొద్దిగా కదిలింది. కింద చూస్తే అది కూడా తిరిగేదే. తిరణాల బండెక్కించినావే, అన్న గొంతు చెవిలో పడ్డట్టయింది. నవ్వొచ్చింది. నవ్వులోనే కళ్లనీళ్లు కారిపోయాయి, కాటుక చెంపలకు దిగింది. ఆయన ఆపకుండా తీశాడు.

నా పళ్ల చారలు నాయన పళ్ల మీదికి ఎక్కడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆఖరికి తెర మీద నాయన నవ్వాడు. స్టూడియో ఆయన చాలాసేపు చూసి, "బాగుండాడు చెల్లెమ్మా మీ నాయన," అన్నాడు. నిజంగానే బాగున్నాడు. తెల్లపళ్లతో ఏదో పేస్టు అమ్మేవాడిలా ఉన్న మొహం, ఇప్పుడు మనిషి మొహమైంది.

ఆదివారం పొద్దున, జనం రాకముందే, కొత్త ఫ్రేమ్ అమ్మ చేతికిచ్చాను. అమ్మ వెలుతురు కోసం గడప దగ్గరికి తీసుకుపోయింది. నాయన నుదురు, మీసం, తర్వాత పళ్లు ఒక్కొక్కటే వేలితో తడిమింది. కింది వరసలో కోరపంటి దగ్గర వేలు ఆగింది.

"దీనికి మచ్చ ల్యాదు మీ నాయనకు," అంది.

"కూడిక మొదలయ్యేలోపు మార్పించుకొస్తానమ్మా, బండి మీద పోయొస్తా," అన్నాను.

అమ్మ ఫోటో మీద నుంచి తల ఎత్తి నా నోటి వంక చూసింది.

"ఇది నీ పన్ను గదే," అంది.

అవునన్నాను. చెయ్యి నోటికి అడ్డం పోబోయింది. అమ్మ పట్టుకుని కిందికి దించింది, అప్పుడెప్పుడో తుండు లాగేసినట్టే అనుకుంటాను.

"ఉండనీ," అంది. "మేకు యాడ కొడతావో చూడు, నాకు కనపడేట్టు కొట్టు."