పోయినేడాది వర్జ్యం

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే కాలం ఒకటి ఉండేది. ఆ రోజుల్లో మనుషులకు జ్వరమొస్తే మిరియాల కషాయంతో సరిపెట్టేవారు గాని, కంప్యూటర్‌కి వేడి చేస్తే మాత్రం ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ దాని వైపు తిప్పేవారు. దాని ముందు గట్టిగా తుమ్మితే లోపలున్నదేదో చెరిగిపోతుందని భయం. ఇప్పటి పిల్లలకు చెబితే ఇది కూడా నా కథల్లో ఒకటనుకుని నవ్వుతారు. (నేను చెప్పేవాటిలో మూడొంతులు కల్పనేనని మా ఇంట్లో స్థిరమైన అభిప్రాయం ఉంది. ఇది మిగిలిన ఒక వంతులోది.)

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రాయగడ స్టేషన్‌కి వెళ్ళే దారిలో మా మావయ్యకు చింతపండు, పసుపు, అల్లం అమ్మే టోకు దుకాణం ఉండేది. దుకాణం ముందు భాగంలో అద్దాల గది ఒకటి కట్టించి, విశాఖపట్నం నుంచి కంప్యూటర్ తెప్పించి, డిగ్రీ పూర్తిచేసి ఊరిమీద పడి తిరుగుతున్న మేనల్లుణ్ణి, అంటే నన్ను, దాని ముందు కూర్చోబెట్టాడు. పెళ్ళి కార్డులు, దరఖాస్తులు, జాతకాలు మా సరుకు. ఆ యంత్రం ఎంత నిదానమంటే, మీట నొక్కి రైల్వే గేటు దాకా నడిచి, టీ తాగి, గేటు పడితే గూడ్సు మొత్తం వెళ్ళేదాకా నిలబడి తిరిగొచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. చింతపండు ఘాటుకి దాని బుర్ర పులిసిపోయిందని నా అనుమానం.

అయినా మావయ్యకు దానిమీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ముఖ్యంగా అందులో ఉన్న పంచాంగం మీద. రోజూ పొద్దున్నే నేను ఒక ఫ్లాపీ పెట్టి ఆ పంచాంగం తెరిస్తే, యంత్రం తనలో ఉన్న తేదీ చూసుకుని ఆనాటి తిథి, నక్షత్రం, వర్జ్యం లెక్కగట్టేది. ప్రింటరు కర్రుకర్రుమంటూ ఒక చీటీ బయటికి తోసేది. ఆ చీటీ గల్లాపెట్టె పక్కన మేకుకి గుచ్చాలి. మావయ్య మిగిలినవేవీ చూడడు. అడుగునున్న వర్జ్యం గడియలు మాత్రం చూసుకుని, ఆ సమయంలో లారీ కదలనివ్వడు, బేరం తెగనివ్వడు. కంప్యూటర్ వచ్చిన ఏడాది నుంచి పంచాంగం పుస్తకం కొనడం కూడా మానేశాడు. "యంత్రాన్ని ఇంట్లో ఎట్టుకుని మళ్ళీ పుస్తకం ఏటిరా? ఏనుగెక్కినోడు కర్ర పట్టుకుని నడుస్తాడేటి?" అనేవాడు. ఎదురుగా టీ దుకాణం నడిపే ఒడియా పెద్దాయన కూడా పొయ్యి వెలిగిస్తూ, "ఆజి కంప్యూటర్ కొణొ కొహిలా?" అని కేకేసేవాడు. ఈ రోజు కంప్యూటర్ ఏం చెప్పిందయ్యా అని. పాలు విరగకుండా ఉండే గడియ కూడా అది చెబుతుందని ఆయనకు నేనే ఎక్కించాను.

ఇలా ఉండగా, తెరుబలి ఫ్యాక్టరీలో పనిచేసే నా స్నేహితుడొకడు ఒక సాయంత్రం చొక్కాలో దాచుకుని ఒక సీడీ తెచ్చాడు. కంప్యూటర్‌ని నడిపించే సరికొత్త వ్యవస్థ అట. ఇంకా బజారులోకి రాలేదు, బాగోగులు చూడమని ముందుగా కొందరికిచ్చిన బీటా ప్రతి. "రాయగడ మొత్తంలో దీన్ని చూసినవాడివి నువ్వే అవుతావురా," అన్నాడు. (కొరాపుట్‌లో ఇంకొకడితో కూడా అదే మాట అన్నాడని తరవాత తెలిసింది.) ఇంక ఆగుతానా! అద్దాల తలుపు వేసేసి ఎక్కించాను. తెర తెరుచుకోగానే ఏం రంగులు! అంతదాకా బూడిద రంగు మొహమేసుకున్న పెట్టె ఒక్కసారి పెళ్ళికూతురైంది. బొత్తాలు మెరుస్తున్నాయి, కిటికీలు నీడలు పరుస్తున్నాయి. కాకపోతే రెండు నిమిషాలకోసారి స్పృహ తప్పేది. ఒక మూల "ఇది పరీక్ష కోసం మాత్రమే" అన్న ముక్క నీటిరాతలా కనిపించేది. నాకు అదీ అందంగానే ఉండేది.

ఇంట్లో అమ్మమ్మకు చెప్పాను. అమ్మమ్మ అంటే మావయ్య తల్లి, ఆ ఇంటికి హైకోర్టు. ఇంకా బజారులోకి రాలేదు అమ్మమ్మా, ముందుగా నేను వాడి చూస్తున్నాను అంటే, ఆవిడ వక్క నములుతూ కాసేపు ఆలోచించింది. మా కొండల్లో కొత్తల పండగ చేసి దేవతకు పెట్టనిదే ఎవరూ మామిడికాయ ముట్టరు. "అంటే పండగ అవకుండానే కాయ కొరికేసేవన్నమాట. కడుపునొప్పొస్తాది సూడు," అంది.

వచ్చింది. ఆ బీటా ప్రతికి గడువొకటి ఉంది. ఒక రోజు పొద్దున్న, నా కాలం తీరిపోయింది, ఇంక తెరుచుకోను అని భీష్మించుకుంది. కంప్యూటర్‌కి తేదీ తెలిసేది మనం చెబితేనే కదా! ఆన్ అవుతుండగా ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది. అందులో సంవత్సరాన్ని ఒక్కటి వెనక్కి తిప్పాను. నెల అదే, తేదీ అదే, సంవత్సరం మాత్రం పోయినేడాదిది. బీటా కిక్కురుమనకుండా తెరుచుకుంది. అప్పటినుంచి అదే నా దినచర్య. పొద్దున్నే అసలు సంవత్సరం పెట్టి, బీటాతో పనిలేకుండా ఫ్లాపీ మీదే నడిచే పంచాంగంలో మావయ్యకు వర్జ్యం చీటీ తియ్యడం, తరవాత పోయినేడాదికి తిప్పుకుని నా రంగుల లోకంలోకి వెళ్ళడం.

దీనికి ఒకే ఒక సాక్షి మావయ్య కూతురు, ఇంట్లో అందరం 'అమ్మి' అని పిలిచే పిల్ల. తండ్రికి రోజూ టిఫిన్ క్యారియర్ తెచ్చేది. తెచ్చిన మనిషి వెంటనే వెళ్ళకుండా నా గదిలో స్టూలు మీద కూర్చుని, మీటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ టైపు నేర్చుకునేది.

"అదేటి బావా, రోజూ ఆ నీలం తెరలోకెల్లి ఏటో తిప్పుతావు?"

"సంవత్సరం ఎనక్కి తిప్పుతన్నానమ్మీ. లేపోతే ఇది తెరుచుకోదు."

"దానికి తెల్దేటి?"

"తెల్దు. మనం ఏది సెప్తే అదే నమ్ముతాది."

"అయితే మా నాన్నలాటిదే," అని కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వు వినడానికే నేను పొద్దున్నే దుకాణం తెరుస్తున్నానన్న సంగతి నాకు తెలుసు. పైకి చెప్పడమే తెలీదు. మావయ్య తిండి తింటూ, మావయ్య కొన్న కుర్చీలో కూర్చుని, మావయ్య కూతురినే ఇమ్మని ఎలా అడుగుతాం? పైగా నాకు ఉద్యోగమనేది లేదు. మేనరికం ఉంది గదా అంటారేమో. ఉంది, కానీ అది అడిగేవాడికి ఉంటుంది, మూగవాడికి కాదు. ఒక రోజు అమ్మి క్యారియర్ బల్లమీద పెట్టి, కూర్చోకుండా నిలబడింది.

"ఆదివారం కొరాపుట్నుంచి వస్తన్నారట."

"ఎవరు?"

"నన్ను సూడ్డానికి. బట్టల దుకాణమట. ఒక్కడే కొడుకట. మా నాన్న అప్పుడే సగం ఒప్పీసుకున్నాడు."

ఏదో ఒకటి అనాలి. ఎదురుగా తెర మెరుస్తోంది. "ఇది సూసేవామ్మీ? ఇందులో సెత్తబుట్ట బొమ్మ కూడా మార్చీసేరు," అన్నాను.

అమ్మి చెత్తబుట్టను చూసింది. నన్ను చూసింది. "నిన్ను తీసి అందులో పడెయ్యాల," అని వెళ్ళిపోయింది.

ఆదివారం రానే వచ్చింది. పొద్దున్నే దుకాణం తెరిచి, అసలు సంవత్సరం పెట్టి, ఫ్లాపీ దూర్చి పంచాంగం తెరిచాను. చీటీ తియ్యబోతుంటే మావయ్య కేక: "ఒరే, ముందు మిఠాయి దుకాణానికెల్లు! ఛెనాపోడో అయిపోతాది!" పరిగెత్తాను. నా మనసుకి ఇష్టం లేని పెళ్ళిచూపులకు మిఠాయి నేనే మోసుకొచ్చాను. తిరిగొచ్చేసరికి చీటీ మేకుకి గుచ్చి ఉంది. అమ్మి ఖాళీ చేతులతో తల వంచుకుని ఇంటివైపు వెళ్తోంది. క్యారియర్ నా బల్లమీద ఉంది. పెళ్ళిచూపులనాడు కూడా తండ్రికి టిఫిన్ తెచ్చింది, ఎంత మంచి పిల్ల అనుకుని ఇంకొంచెం బాధపడ్డాను.

కొరాపుట్ వాళ్ళు రైలు దిగారు. పెళ్ళికొడుకు, తల్లిదండ్రులు, సొరంగాల చీకట్లకు కళ్ళు తిరిగి సోలిపోయిన ఒక ముసలమ్మ. మావయ్య వాళ్ళను తిన్నగా ఇంటికి తీసుకెళ్ళలేదు. చీటీ ప్రకారం ఒంటిగంట దాకా వర్జ్యం. అందుకని దుకాణంలోనే పసుపు బస్తాల మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాడు. "మా కంప్యూటర్ సెప్పింది. తేడా రాదు," అని గర్వంగా నా గది వైపు చెయ్యి చూపించాడు. పెళ్ళికొడుకు పసుపు ఘాటుకి తుమ్ముతూనే నాతో కంప్యూటర్ సంగతులు మాట్లాడాడు. మంచివాడు. అదే నాకు నచ్చలేదు. బీటా చూపిస్తే, కొరాపుట్‌లో తన స్నేహితుడి దగ్గర కూడా ఉందన్నాడు. (తెరుబలివాడి గుట్టు అలా బయటపడింది.)

ఒంటిగంట దాటాక ఇంటికి చేరాం. అమ్మి వచ్చి చాప మీద కూర్చుంది. పెళ్ళికొడుకు చూశాడు, తల్లి చెవిలో ఏదో అన్నాడు, తల్లి మొహం వికసించింది. నేను ఛెనాపోడో పళ్ళెం పట్టుకుని గుమ్మం పక్కన బొమ్మలా నిలబడ్డాను. అంతా అయిపోయినట్టే. "మరింక తాంబూలాలకి మంచిరోజు సూడు," అని పెళ్ళికొడుకు తల్లి తన అత్తగారితో అనగానే, అంతదాకా కునికిన ముసలమ్మ లేచి సంచిలోంచి పంచాంగం తీసింది. కళ్ళజోడు సర్దుకుని, ముందు ఇవాళ్టి పేజీ దగ్గర వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది. గోడ గడియారం చూసింది. మళ్ళీ పేజీ చూసింది.

"ఓలమ్మో! ఇప్పుడు కదేటి వర్జ్యం! మంచి గడియంతా బస్తాల మీద కూసోబెట్టి, నిండు వర్జ్యంలో గడప దాటించేరేటి బాబూ?"

"వర్జ్యం ఒంటిగంటకెల్లిపోయిందండి. కంప్యూటరు..."

"ఒంటిగంటకి ఒచ్చింది నాయనా, ఎల్లలేదు!"

ఆవిడ చెప్పులేసుకుంది. పెళ్ళికొడుకు గుమ్మం దాటుతూ నా పళ్ళెంలోంచి ఒక ఛెనాపోడో ముక్క తీసుకున్నాడు, పాపం.

మావయ్య దుకాణానికి పరిగెత్తి, చీటీ పట్టుకొచ్చి, జీవితంలో మొదటిసారి పైనుంచి కింద దాకా చదివాడు. తేదీ ఉంది. నెల ఉంది. సంవత్సరం దగ్గర ఆగాడు. "పోయినేడాదిదిరా! ఎదవా, పోయినేడాది వర్జ్యం ఎట్టి నా కూతురి పెళ్ళి సేస్తావేటిరా?" నేను పొద్దున్న సరిగ్గానే పెట్టానని నాకు గుర్తు. కానీ మనసు బాగోలేని మనిషి గుర్తును ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పేసి ఉంటాననుకుని తల వంచుకున్నాను. బీటా గురించి, గడువు గురించి, నీలం తెర గురించి అంతా చెప్పేశాను. మావయ్య నా మీదికి చెయ్యెత్తాడు.

"ఆగరా," అంది అమ్మమ్మ, పీట మీంచి లేవకుండానే. "ఆడు పండగ అవకుండా కాయ కొరికేడు. కడుపునొప్పొస్తాదని నేను ముందే సెప్పేను. ఆ నొప్పి ఎవుడు పడాల? కొరికినోడే పడాల. పిల్లని ఆడికే కట్టు."

మావయ్య చెయ్యి గాల్లోనే ఉంది. "ఏటిరా, సేసుకుంటావా?" అంది అమ్మమ్మ నాతో. పళ్ళెం పట్టుకునే తల ఊపాను, మిగిలిన ఛెనాపోడో అంతా నేల మీద పడింది. తలుపు వెనకనుంచి కిసుక్కుమని ఒక నవ్వు వినిపించింది. సంబంధం చెడిన పిల్ల నవ్వడమేమిటని అప్పుడు నాకు తట్టలేదు. నాకు చాలా విషయాలు ఆలస్యంగా తడతాయి.

మావయ్య ఆ సీడీని తాడు కట్టి చింతపండు బస్తాల మీద వేలాడదీశాడు, పిచ్చికలు బెదురుతాయని. మా పెళ్ళికి ముహూర్తం పుస్తకం చూసే పెట్టారు. తరవాత ఎన్ని పెళ్ళిళ్ళలోనో, ఎన్ని రైలు ప్రయాణాల్లోనో ఈ కథ చెప్పుకున్నాను. ప్రపంచంలో బీటా ప్రతి కుదిర్చిన ఏకైక పెళ్ళి నాదేనని కోతలు కోశాను. మా ఆవిడ పక్కనే కూర్చుని ఒక్క మాటా అనకుండా వినేది.

మొన్న నా ఫోను, కొత్త వ్యవస్థ బీటా ప్రతి వచ్చింది, వాడి చూస్తారా అని అడిగింది. నడివయసులో కూడా బుద్ధి మారలేదు; వేలు పెట్టబోయాను.

"ఒద్దు బావా," అంది మా ఆవిడ, బియ్యంలో రాళ్ళేరుతూ. "మళ్ళీ ఏదైనా అయితే, దీన్లో సంవత్సరం ఎలగ తిప్పాలో నాకు తెల్దు."

కాసేపు నాకు అర్థం కాలేదు. తరవాత బల్లమీద ఉన్న క్యారియర్ కళ్ళముందుకొచ్చింది.

"నువ్వా?"

"రెండు సీటీలు తీసేను, ఈయేటిదొకటి, పోయినేటిదొకటి. రెండూ పక్కపక్కన ఎట్టి సూసి, పోయినేటిది మేకుకి గుచ్చేను. నువ్వు సెత్తబుట్ట సూపిస్తా కూసుంటే నేనేటి సెయ్యాల మరి?"

"తిట్లు తిన్నది నేను కదే!"

"తిన్నావు కాబట్టే కదా నానమ్మ ఆ తీర్పు సెప్పింది!" అని చేట దులిపింది. అమ్మమ్మకు ముందే తెలుసా అని అడిగాను. నవ్విందే గాని చెప్పలేదు. అడుగుదామంటే ఆ హైకోర్టు పైకెళ్ళిపోయి చాలా కాలమైంది.

అప్పటినుంచి ఆ గుమ్మం పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కుర్రాడే గుర్తొస్తున్నాడు. చెయ్యని తప్పుకి తల వంచుకుని, లోకంలో ఉన్న దురదృష్టమంతా తనదే అనుకుంటున్నవాడు. వాడి చెవిలో ఎవరైనా అసలు సంగతి చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. కానీ వాడి సంగతి నాకు తెలుసు కదా. ఆ సంతోషం పట్టలేక అక్కడికక్కడే మావయ్యకు, కొరాపుట్ వాళ్ళకు, టీ దుకాణం పెద్దాయనకు కూడా చెప్పేసి ఉండేవాడు. అందుకే కాబోలు, ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు అమ్మి.