చక్కెర లేని సీసా

ఆమె అసలు పేరు డిపోలో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె బ్రేకమ్మ. కిక్కిరిసిన బస్సులో నిలబడి కాఫీ తాగేవాడి చేతిలో చుక్క తొణక్కుండా బండి ఆపగలదని ఆ పేరు పెట్టారు. మనిషి భారీగా ఉండేది. సీటు పూర్తిగా వెనక్కి జరిపితే తప్ప స్టీరింగుకీ పొట్టకీ మధ్య సందు దొరికేది కాదు. దానిమీద ఎవరైనా జోకు వేసేలోపు తానే వేసేసేది. "ఇంజను ముందున్న బండికి బరువు కూడా ముందే ఉండాలి కదరా!" అనేది.

ఆసుపత్రిలో ఆ జోకులు పనిచేయలేదు.

ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. తాళాలు బాగుచేస్తాడు. రెండు కిడ్నీలూ పాడైపోయి, రోజు విడిచి రోజు డయాలసిస్ మంచమెక్కుతున్నాడు. పరీక్షలన్నీ అయ్యాక అక్క కిడ్నీ అతనికి సరిపోతుందని తేలింది. అతని భార్య ఆ మాట విని వరండాలోనే వదినను వాటేసుకుని భోరుమంది. కానీ సర్జన్ ఆమెను తూకం మిషను మీద నిలబెట్టి, ముల్లు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఈ బరువుతో మిమ్మల్ని కోయనమ్మా. మత్తివ్వడం ప్రమాదం. ఆ తర్వాత ఒక్క కిడ్నీతో బతకడం ఇంకా ప్రమాదం. తగ్గి రండి."

ఎంత తగ్గాలో చెప్పాడు. బడికెళ్లే పిల్ల బరువంత ఉంది ఆ లెక్క.

"అందాకా వాడు ఆగుతాడా డాక్టర్?"

"ఆగేలా చూస్తాం. మీరు మాత్రం ఆలస్యం చెయ్యకండి."

ఆ రోజే ఆమె కూల్‌డ్రింకు మానేసింది. ఎన్నో ఏళ్లుగా గేరు రాడ్డు పక్కన సీసా లేకుండా ఆమె బండి కదిలింది లేదు. దాని స్థానంలో డైట్ సీసా వచ్చింది. నల్ల మూత, దాని కింద తెల్లటి అక్షరాలతో 'చక్కెర లేదు' అని ఉండేది. మొదట్లో ముల్లు నిజంగానే దిగింది. "చూశారా, తాగుతూనే తగ్గుతున్నా!" అని డిపో అంతా చెప్పుకుంది. తర్వాత ముల్లు ఆగిపోయింది. ఆ తర్వాత, ఎవరో వెనకనుంచి తోసినట్టు, మెల్లగా పైకి జరిగింది.

తూకానికి వెళ్లినప్పుడల్లా మరదలు వెంట వచ్చేది. ముల్లు వంక, వదిన సంచీలోంచి తొంగిచూసే నల్ల మూత వంక చూసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బ్రేకమ్మ తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్లింది. సంచీ ముందుగదిలో బల్లమీద పెట్టింది. మరదలు ఆమెను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"వదినా, మీకు భయంగా ఉంటే చెప్పేయండి. తప్పుపట్టను. మమ్మల్ని మాత్రం ఇలా ఊరించకండి."

"నోరు ముయ్యి! వాడు నా తమ్ముడు. నాకు భయమేంటి?"

"మరి బరువెందుకు తగ్గట్లేదు?"

ఆపరేషన్ కత్తి తలచుకున్నప్పుడల్లా భయం వేసేది నిజం. ఆ సంగతి తనతో తానే ఎప్పుడూ అనుకోలేదు. చేతికందిన గిన్నె తీసి, కడిగిందే మళ్లీ కడగసాగింది.

ముందుగదిలో తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. అతనికి రోజంతటికీ నీళ్లు చిన్న గ్లాసుతో కొలిచి ఇస్తారు. అంతకు మించితే ఒంట్లోంచి బయటికిపోయే దారి లేదు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. బల్లమీది సంచీలో అక్క పెద్ద సీసా చల్లగా చెమట పట్టి ఉంది. సగం తాగుదామనుకున్నాడు. మొత్తం తాగేశాడు. ఖాళీ సీసా మంచం కిందికి నెట్టేశాడు.

మర్నాడు పొద్దున, బస్సు నిండా జనంతో వంతెన ఎక్కుతుంటే ఆమె ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. బండి నడుపుతూ ఆమె ఏనాడూ ఫోను తియ్యలేదు. ప్రతి స్టాపులోనూ ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు, సంచీలో ఫోను మోగుతూనే ఉంది. ఆఖరి స్టాపు దాకా ఆమె చేతులు మామూలుగానే స్టీరింగు తిప్పాయి. బండి ఆపి, తాళంచెవి తీశాకే ఫోను ఎత్తింది.

"ఊపిరాడట్లేదు వదినా, ఎమర్జెన్సీ వార్డులో పెట్టారు" అంది మరదలు.

వెళ్లేసరికి తమ్ముడి ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, మిషను పెట్టి లాగేస్తున్నామని నర్సు చెప్పింది. అక్కను చూసి అతను మాస్కు పక్కకి జరిపాడు.

"చక్కెర లేదన్నావుగా అక్కా... ఏం కాదనుకున్నా."

మరదలు గోడకానుకుని నిలబడి ఉంది. "మీ సీసా" అంది.

బ్రేకమ్మ తిన్నగా సర్జన్ గదిలోకి వెళ్లింది. "నన్నిప్పుడే కోసెయ్యండి. ఏమైనా నాదే పూచీ."

"మీ పూచీ నాకు అక్కర్లేదమ్మా. నాకు పేషెంట్లు ఇద్దరు, ఒకరు కాదు." ఆయన ఆమెను కింది అంతస్తులో ఆహారం సంగతులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

"ఈ దిక్కుమాలిన డ్రింకు విషమా మేడమ్?" అని అడిగింది బ్రేకమ్మ, కూర్చోకుండానే.

"విషమేం కాదు. చక్కెర డ్రింకు మాని ఇది తాగావు కాబట్టే మొదట తగ్గావు. అంతవరకు మేలే. కానీ ఇది బరువు తగ్గించే మందు కాదు. ఏళ్లతరబడి తాగితే సన్నబడతారని గట్టి రుజువేం లేదు. మీ తమ్ముడి సంగతి వేరు. అతనికి చక్కెరతో పనిలేదు, ఏ నీరైనా ఎక్కువైతే ముప్పే. సరే, నిన్న ఏమేం తిన్నావో చెప్పు."

బ్రేకమ్మ చెప్పసాగింది. ట్రిప్పు మొదట్లో వెన్న రాసిన బన్ను. సీసాలో చక్కెర లేదు కదా అని ఇంకో బన్ను. మధ్యాహ్నం భోజనం, దానితో వేయించిన బంగాళాదుంపలు. సాయంత్రం క్యాంటీన్లో కేకు, 'డైట్ తాగుతున్నాగా' అని.

"సీసా చేసింది కాదు మేడమ్. సీసా ఉందన్న ధైర్యంతో నేను తిన్నది" అంది చివరికి, కుర్చీలో కూలబడి.

"తీపి రుచి కొందరి నాలుకను ఊరుకోనివ్వదు కూడా. నీళ్లకి మారు. మరీ మనసు లాగితే ఎప్పుడైనా ఒక గ్లాసు తాగు, కొంప మునగదు. తిండి తగ్గించు. నడువు."

మొదటి రోజులు తలనొప్పి కణతలు పగలగొట్టింది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య, ఆపిన బస్సుల చుట్టూ నడిచింది. "బ్రేకమ్మా, బండి దారి తప్పిందా?" అని తోటి డ్రైవర్లు ఏడిపించారు. ఈసారి ఆమె తిరిగి జోకు వేయలేదు.

తమ్ముడు ఇంటికొచ్చిన వారం ఒక పొద్దున, మొదటి స్టాపులో మరదలు నిలబడి ఉంది. డ్రైవరు కిటికీలోంచి డబ్బా అందించింది. ఉడికించిన కూరలు, గుడ్లు, పల్చని సూపు. మర్నాడూ అంతే. నెలలు గడిచాయి. డబ్బా వస్తూనే ఉంది, మాట మాత్రం లేదు. ఇంతలో తమ్ముడి చేతిలో డయాలసిస్‌కు వాడే నరం మూసుకుపోయింది. మెడలో గొట్టం పెట్టారు. అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాతి తూకానికి ఇద్దరూ కలిసే వెళ్లారు. బ్రేకమ్మ కళ్లు మూసుకుని మిషనెక్కింది. ముల్లు ఊగుతున్న చప్పుడు విన్నది. మరదలు చెయ్యి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేంత గట్టిగా.

"చాలు. తారీఖు ఇస్తాను" అన్నాడు సర్జన్.

ఆపరేషన్ గది బయట మరదలు నోరు విప్పింది. "ఆ రోజు తొందరపడ్డాను వదినా, భయమా అని అడిగి."

"సరిగ్గానే అడిగావు. ఉంది. ఇప్పుడూ ఉంది. చెయ్యి వదులు, లోపల పిలుస్తున్నారు."

మెలకువ వచ్చేసరికి మరదలు మంచం పక్కనే ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"వాడెలా ఉన్నాడు?"

"మీ కిడ్నీ డ్యూటీ ఎక్కింది వదినా! ఆపరేషన్ బల్లమీద ఉండగానే పని మొదలుపెట్టిందట. నర్సు మూత్రం సంచీలు మార్చలేక విసుక్కుంటోంది."

"నవ్వించకే, కుట్లు లాగుతున్నాయి" అంది బ్రేకమ్మ. అంటూనే నవ్వింది, నొప్పికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ.