కుళాయికి మంకీ క్యాప్ పెట్టిన మా వియ్యంకుడు గారు

మా వియ్యంకుడు గారు పోయారు. పొద్దున్నే మా అల్లుడు హాస్పిటల్ నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడ పుట్టినవాడు, తెలుగు కూడబలుక్కుని మాట్లాడతాడు. "మామయ్యా, డాడీ... డాడీ ఇంక లేరు" అన్నాడు. నేను "అలాగా నాయనా" అన్నాను. అంతకంటే మాట రాలేదు. నాకెప్పుడూ అంతే.

అమ్మాయి ఏడుస్తూనే కారు తాళాలు వెతుక్కుంటోంది. కిటికీలోంచి చూస్తే గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఈ రాత్రికి ఇంకా గట్టిగా చలి పడుతుందని ముందురోజే టీవీలో చెప్పారు. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇది: ఆయన బండిలో నీళ్ళు తీశారా, లేదా?

మనిషి పోతే బండిలో నీళ్ళ గురించి ఆలోచిస్తారా అని మీరు అనుకోవచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్ళు అనుకోరు.

ఆయన మత్తు డాక్టరు. ఆపరేషన్ ముందు మనిషిని నిద్రపుచ్చి, అయ్యాక లేపే డాక్టరు. చాలా ఏళ్ళ క్రితం ఈ దేశం వచ్చి, జీవితమంతా అదే పని చేసి, క్యారీ అనే ఈ ఊళ్ళోనే రిటైరయ్యారు. నా కూతురు ఆయన కోడలు. మా ఆవిడ పోయాక నేను అమ్మాయి దగ్గరికి వచ్చాను. వియ్యంకుడు గారి ఇల్లు పక్క వీధిలోనే. నేను మా ఊరి బడిలో చదువుకుని రైస్ మిల్లులో పనిచేసినవాణ్ణి. ఆయన ముందు కుర్చీలో ఆనుకుని కూర్చోవడానికి కూడా నాకు చాలా కాలం పట్టింది. ఆయన డాక్టరని కాదు. మగపెళ్ళివారని.

రిటైరయ్యాక ఆయన ఒక మోటార్‌హోమ్ కొన్నారు. డ్రైవరు సీటు వెనకే వంటగది, సోఫా, ఆ వెనక బాత్రూము, చివర మంచం. ఇల్లే కదిలి వచ్చినట్టు ఉంటుంది. అది మొదటిసారి వాళ్ళ డ్రైవ్‌వేలోకి వచ్చినప్పుడు చెల్లెమ్మగారు, అంటే ఆయన భార్య, గుమ్మంలో నిలబడి చూశారు.

"రిటైరైతే అందరూ గోల్ఫ్ ఆడతారు. ఈయన బస్సు కొన్నారు అన్నయ్యగారూ" అన్నారు నాతో.

"బస్సు కాదే, ఇల్లు" అన్నారాయన.

"ఇల్లయితే అందులో నీళ్ళు రావాలి. చెంబు నీళ్ళు లేని చోటికి నేను రాను. ముందే చెప్తున్నాను."

ఆ ఒక్క మాట మీదే ఆ బండి బతుకంతా నడిచింది. చలికాలంలో మోటార్‌హోమ్‌లో తిరిగేవాళ్ళు ఇక్కడ మామూలుగా ఏం చేస్తారంటే, టాంకులో, గొట్టాల్లో నీళ్ళన్నీ తీసేసి, గడ్డకట్టని మందు ఒకటి ఎక్కిస్తారు. గులాబీ రంగులో ఉంటుంది. ఇక కుళాయి ముట్టుకోరు. తాగడానికి సీసా నీళ్ళు, మిగతా దానికి కాగితం. వాళ్ళకి సరిపోతుంది. మనకి సరిపోదు కదా.

పోనీ వేసవిలో తిరగొచ్చు కదా అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "చలికాలంలో కొండల్లో ఎవరూ ఉండరు బావగారూ. కొండ మొత్తం మనదే" అనేవారు. నిజమే. ఎవరూ ఎందుకు ఉండరో మాకు మొదటి ప్రయాణంలోనే తెలిసింది.

ఆ ప్రయాణానికి నన్ను రమ్మన్నారు. మగపెళ్ళివారు రమ్మంటే నేను రానని ఎలా అంటాను? స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ పెట్టుకుని ఎక్కాను. చెల్లెమ్మగారు స్టీలు చెంబు పట్టుకుని ఎక్కారు.

కొండల్లో ఇలాంటి బండ్లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్‌కి చేరేసరికి సాయంత్రమైంది. చెట్ల కింద మంచు. మాది కాక ఇంకొక్క బండి ఉంది. అందులోంచి ఒక తెల్లాయన దిగి వచ్చి, మీ నీళ్ళ సంగతేమిటని అడిగాడు. మా వియ్యంకుడు గారు చెప్పడం మొదలుపెట్టారు. టాంకు నింపుకున్నాక పైపు తీసేయాలని, సింకు కింద తలుపులు తెరిచి ఉంచితే గొట్టాలకి వేడిగాలి తగులుతుందని, మురికినీళ్ళ టాంకులో కాస్త గులాబీ మందు పోస్తే దాని మూత గడ్డకట్టదని, అన్నీ చెప్పారు. ఆ తెల్లాయన అంతా విని, "ఇంత శ్రమ ఎందుకు? కాగితం వాడుకోవచ్చుగా" అన్నాడు. మా వియ్యంకుడు గారు చెల్లెమ్మగారి చేతిలో చెంబు వైపు చూపించారు. ఆయన చెంబుని చాలాసేపు చూశాడు. ఏం అర్థమైందో కానీ, "గుడ్ లక్" అని వెళ్ళిపోయాడు.

మా టాంకు నింపుకుని పైపు చుట్టేశాక, వియ్యంకుడు గారు నా తల మీద మంకీ క్యాప్ తీసి ఆ క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి తొడిగారు. కిందికి లాగి చెవులు కూడా మూశారు.

"అది వాళ్ళ కుళాయి కదా బావగారూ" అన్నాను.

"ఎవరిదైతే ఏం? చలే కదా" అన్నారు.

నా చెవుల సంగతి నేను అడగలేదు.

వాళ్ళిద్దరూ వెనక మంచం మీద, నేను సోఫా మీద పడుకున్నాం. సోఫా కిందే గ్యాసుతో వేడిగాలి ఊదే ఫర్నేసు. అది లేచినప్పుడల్లా మా రైస్ మిల్లు మొదలైనట్టే ఉండేది. అదే మోత, అదే అదురు. నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి కూర్చుని విన్నాను. అది ఆగితే పడుకునేవాణ్ణి, మొదలైతే మళ్ళీ లేచేవాణ్ణి. వెనక నుంచి మా వియ్యంకుడు గారు ఇది గమనించారని నాకు తెలీదు.

కాసేపటికి ఆయన చప్పుడు కాకుండా వచ్చి, కరెంటు హీటరొకటి నా సోఫా పక్కన పెట్టి వెళ్ళారు. హాయిగా వెచ్చబడింది. మిల్లు మోత ఆగిపోయింది. నాకు ఏదో పోయినట్టు అనిపించింది. కానీ ఆయన స్వయంగా తెచ్చి పెట్టిన హీటరు. వద్దని ఎలా అంటాను?

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ ఫర్నేసు వేడిగాలి కొంత మనకొస్తుంది, కొంత కింద నీళ్ళ టాంకు ఉన్న అరలోకి పోతుంది. కరెంటు హీటరు మనల్నే వెచ్చబెడుతుంది. గది వెచ్చగా ఉందని ఫర్నేసు లేవదు. పైన మాకు చెమటలు. కింద నీళ్ళు రాయి.

తెల్లారి నేను కుళాయి తిప్పాను. అది ఒకసారి దగ్గింది. అంతే.

"బావగారూ, నీళ్ళు రావడం లేదు" అన్నాను గుసగుసగా.

"ఉష్. ఆవిడ లేవలేదు కదా?"

"లేచే ఉన్నాను" అన్నారు చెల్లెమ్మగారు కర్టెన్ వెనక నుంచి.

ఆవిడ బయటికొచ్చి కుళాయి తనే ఒకసారి తిప్పి చూశారు. చెంబు తీసుకున్నారు. శాలువా కప్పుకున్నారు. "ఆఫీసు పక్కన బాత్రూములున్నాయట. వెళ్ళొస్తాను. నేను వచ్చేసరికి ఇందులో నీళ్ళు రావాలి. రాకపోతే ఇంటికెళ్ళగానే బస్సుకి ఫర్ సేల్ బోర్డు. నేనే కడతాను" అన్నారు. ఆవిడ చెంబుతో మంచులో నడిచి వెళ్తుంటే, ఆ తెల్లాయన తన తలుపు తీసి "గుడ్ మార్నింగ్" అన్నాడు. ఈసారి ఆయనకి అంతా అర్థమైనట్టే ఉంది.

మా వియ్యంకుడు గారికి ముఖంలో రక్తం లేదు. ఎన్ని ఆపరేషన్లు చూసిన మనిషి! "గొట్టం పగిలితే అయిపోయింది బావగారూ. ఈ బండి పోయినట్టే" అన్నారు. చెల్లెమ్మగారి హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని బండి కిందికి దూరారు. నేను ప్లగ్గు పెట్టాను. హీటరు కూడా నడుస్తోంది కదా, రెండూ కలిసేసరికి కరెంటు పోయింది.

"హీటరు ఎవరు ఆన్ చేశారు?" అని కింద నుంచి అరిచారు.

"మీరే బావగారూ."

డ్రయ్యర్ నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అవును. మీ కోసమే. ఫర్నేసు లేచినప్పుడల్లా మీరు ఉలిక్కిపడి లేస్తున్నారుగా. కింద చల్లబడుతుందని నాకు తెలుసు. అయినా మీకు నిద్ర లేకపోతే ఎలా అని."

"ఉలిక్కిపడి కాదు. మిల్లు మోతలా ఉంటే వినడానికి లేచాను."

"మరి హీటరు పెడుతుంటే వద్దని చెప్పలేదేం?"

"మీరు మగపెళ్ళివారు కదా."

బండి కింద నుంచి నవ్వు మొదలైంది. నవ్వుతూ లేవబోయి తల కొట్టుకున్నారు. అయినా నవ్వు ఆగలేదు. "పిల్లలకి పిల్లలు పుట్టి స్కూలుకెళ్తున్నారయ్యా! ఇంకా మగపెళ్ళివారేంటి! మీ మర్యాద, నా మర్యాద కలిసి గొట్టం గడ్డకట్టించాయి."

హీటరు తీసేశాను. ఫర్నేసు వేశాను. డ్రయ్యర్ నడిచింది. చెల్లెమ్మగారు తిరిగొచ్చేసరికి ఇంకా నీళ్ళు రాలేదు. ఆవిడ చెంబు బల్ల మీద పెట్టి సింకు ముందు నిలబడ్డారు. ఆయన కిందే ఉన్నారు, ఆయన కాళ్ళే కనిపిస్తున్నాయి. ఇక మాట్లాడాల్సింది నేనే.

నాకు మాటలు రావు. కానీ ఆ కాళ్ళు చూస్తే ఊరుకోలేకపోయాను. "చెల్లెమ్మగారూ, బండి తప్పేం లేదు" అని మొదలుపెట్టి ఫర్నేసు, హీటరు, నా నిద్ర అన్నీ చెప్పాను. చెప్తూ చెప్తూ రైస్ మిల్లులోకి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం మా ఆవిడ అన్నం క్యారియర్ తెచ్చేదని, ఆ మోతలో ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళమని, మోత ఆగితే ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదని చెప్పాను. మా ఆవిడ పోయాక అన్ని మాటలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

నేను చెప్తుండగానే కుళాయి దగ్గింది. ఉమ్మింది. గాలి, మంచు ముక్కలు, మళ్ళీ గాలి. తరవాత సన్నగా ధార. గొట్టం పగల్లేదు.

చెల్లెమ్మగారు చెంబు తీసి కుళాయి కింద పెట్టారు. "అన్నయ్యగారికి ఇన్ని మాటలొచ్చా!" అన్నారు. ఫర్ సేల్ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

వియ్యంకుడు గారు వీపంతా మంచుతో లోపలికొచ్చి, కుళాయి పూర్తిగా కట్టకుండా చుక్క చుక్క పడేలా వదిలేశారు. "కదిలే నీళ్ళు త్వరగా గడ్డకట్టవు. మీ నోరు కూడా అంతే బావగారూ. పూర్తిగా కట్టేయకండి. కాస్త కారుతూ ఉండనివ్వండి" అన్నారు.

ఆ తరవాత ఎన్ని ప్రయాణాలు చేశామో. నా సోఫా పక్కన మళ్ళీ హీటరు పెట్టలేదు. నా మంకీ క్యాప్ మాత్రం నాకు దక్కలేదు. ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌లోనూ అది కుళాయిదే. అమ్మాయి నాకు ఇంకొకటి కొనిచ్చింది. అది వాళ్ళింటి వాకిట్లో కుళాయికి వెళ్ళింది.

ప్రయాణాలన్నీ అయ్యాక బండికి గులాబీ మందు ఎక్కించేవాళ్ళం. దాన్ని ఆయన మత్తు ఇవ్వడం అనేవారు. ఒక్కొక్క కుళాయీ తిప్పి, గులాబీ రంగు వచ్చేదాకా చూసి, "నిద్రపోయింది" అనేవారు గొంతు తగ్గించి. నిజంగానే పేషెంటు వింటుందేమో అన్నట్టు. వసంతంలో మంచినీళ్ళు పెట్టి కడిగి మళ్ళీ లేపేవారు. "మత్తు ఎవరైనా ఇస్తారు బావగారూ. లేపడమే పని" అనేవారు. ఈసారి ఇంకా ఇవ్వలేదు. ఇంకొక్క ప్రయాణం ఉందన్నారు. అంతలోనే హాస్పిటల్‌లో చేరారు.

ఆ సాయంత్రం వాళ్ళిల్లంతా జనం. గుమ్మం దగ్గర బూట్ల గుట్ట. అల్లుడు ఫోన్లలో ఉన్నాడు, ఎవరెవరికి ఏ ఫ్లైట్ దొరికిందో కనుక్కుంటున్నాడు. నేను ఒక మూల కూర్చుని కిటికీలోంచి బండినే చూస్తున్నాను. ఇంకాసేపట్లో పొద్దు వాలిపోతుంది.

చెల్లెమ్మగారు జనంలోంచి లేచి నా దగ్గరికి వచ్చారు. నేను నిలబడ్డాను. ఏం చెప్పి ఓదార్చాలా అని వెతుక్కుంటున్నాను.

"అన్నయ్యగారూ, బండిలో నీళ్ళున్నాయి. ఆయన తీయలేదు" అన్నారు.

"తెలుసమ్మా. అదే చూస్తున్నాను. మందు గ్యారేజీలో ఉంది. మత్తు ఇచ్చేయమంటారా?"

ఆవిడ కిటికీలోంచి బండి వైపు చూశారు.

"వద్దు. లేపే ఆయన లేరుగా" అన్నారు. "వెచ్చగానే ఉంచండి."

నేను వెళ్ళి బండి తలుపు తీశాను. సింకు కింద తలుపులు తెరిచి, కుళాయి కాస్త వదిలాను. ఇంట్లోంచి కరెంటు తీగ తెచ్చి తగిలించాను. ఫర్నేసు వేశాను. మిల్లు మొదలైంది. ఇంట్లో జనం ఉలిక్కిపడి కిటికీల దగ్గరికి వచ్చారు. చెల్లెమ్మగారు శాలువా కప్పుకుని వచ్చి నా సోఫా మీద ఒక పక్కన కూర్చున్నారు. నేను ఇంకో పక్కన కూర్చున్నాను. ఆనుకునే కూర్చున్నాను.

ఆ మోతలో ఆవిడ నా వైపు వంగి, "మీ ఆవిడ క్యారియర్‌లో ఏం తెచ్చేవారన్నయ్యగారూ?" అని అరిచారు.

నేనూ అరిచే చెప్పాను.

బయట వాకిట్లో కుళాయి మంకీ క్యాప్ పెట్టుకుని చీకట్లో నిలబడి ఉంది. లోపల సింకులో, స్టీలు చెంబులోకి చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి.